తెర పక్కన మదన్ మోహన్

ఆ ఆదివారం పొద్దున చాయ్ తాగుతూ మదన్ మోహన్ వేసుకున్న పథకం చిన్నదే. సాయంత్రం మెదక్ కమ్యూనిటీ హాల్లో పాత జపాన్ మూకీ సినిమా ఒకటి వేసి, తెర పక్కన నిలబడి కథ తానే చెప్పాలి. టాకీలు రాకముందు జపాన్‌లో అదో పెద్ద కొలువు. జనం తారల కంటే కథ చెప్పేవాడి పేరు చూసి టికెట్లు కొనేవారట.

అసలు సంగతి వేరే. "గోడతోని కాపురం చేసినట్టుంది. నువ్వు చూసే ఆ మూగ సినిమాలల్ల బొమ్మలన్న నయం" అని భార్య అరుణ చలికాలంలో కౌడిపల్లిలోని అన్న ఇంటికి వెళ్లిపోయింది. అప్పటినుంచి ఆయనకు అన్నం సయించడం లేదు. ఫోన్ చేస్తే "తిన్నవా" అని అడిగి పెట్టేస్తాడు. పరాయి కథ మిషతోనైనా ఆమెకు నాలుగు మాటలు వినిపించాలని కబురు పెట్టాడు. రానని జవాబొచ్చింది.

ఫ్లెక్సీ చేసే పని, సాయంత్రం హాల్లో సినిమా వేసే పని రెండూ ఫ్లెక్సీల షాపు పరమేశ్‌వే. నాయిక నలుపు తెలుపు ఫొటో పంపి, జపాన్ ఆనవాయితీ ప్రకారం తన పేరు పెద్దగా వేయమన్నాడు మదన్ మోహన్. అలాంటి ఫొటో చూడగానే పరమేశ్ అలవాటుగా చుట్టూ పూలదండ, చెరో పక్క దీపం పెట్టేశాడు. మధ్యాహ్నానికి అది చౌరస్తాలో వెలిసింది. అరుణ నెలలుగా కనపడటం లేదని ఊరికి తెలుసు.

"ముఖం జర వేరేగుందే" అన్నారొకరు.

"పెండ్లప్పటి ఫొటో అయ్యుంటది" అని తేల్చేశారు ఇంకొకరు.

సాయంత్రం హాలు కిక్కిరిసింది. మదన్ మోహన్ పొంగిపోయేలోపే పొరుగింటి ఐలవ్వ వచ్చి ఆయన చేయి పట్టుకుని ఏడ్చింది. విషయం అర్థమై ఆయన గబగబా తల అడ్డంగా ఊపాడు.

"గట్ల కాదవ్వా, అరుణ మంచిగనే ఉన్నది."

"దేవుని దగ్గర మంచిగనే ఉంటది బిడ్డా."

పరమేశ్‌ని నిలదీశాడు. "నలుపు తెలుపుకు గట్లనే పెడ్తం కద సార్. కలర్ ఫొటో ఇస్తే బర్త్‌డేది చేస్తుంటి" అని పరమేశ్ సినిమా మొదలెట్టేశాడు.

తెర మీద భార్య పడవెక్కి పోతోంది. ఒడ్డున భర్త. జనం ఎదురుచూస్తున్నారు. మదన్ మోహన్ మైకు అందుకున్నాడు.

"ఆయన ఏమంటుండంటే... నువ్వు పోయినకాడికెల్లి ఇంట్ల చప్పుడు లేదు. ముందుగాల గూడ లేకుండె, గని అప్పుడు నువ్వుంటివి. నాకు మాట్లాడుడు రాదు. నువ్వు వినుడు ఆపకు."

హాలంతా వెక్కిళ్లు. అప్పుడు వెనక తలుపు దగ్గర ఒక గొంతు లేచింది.

"బతికుంటే ఒక్క మాట లేకపాయె. సచ్చినంక గిన్ని మాటలా?"

అరుణ. తన చావు కబురు కౌడిపల్లిలో విని, మొగుణ్ని నలుగురిలో కడిగేద్దామని ఆటో కట్టించుకుని వచ్చింది. ఐలవ్వ తాను తెచ్చిన దండను కొంగు కింద దాచుకుంది.

"ఇంటికొస్తవా?" అన్నాడు మదన్ మోహన్. మైకు ఆపడం మరిచిపోయాడు.

అరుణ నడిచొచ్చి ముందు వరసలో కూర్చుంది. "సినిమా అయినంక పోదాం. కథ చెప్పు."

సినిమా ఇంకా గంట పైనే ఉంది. మదన్ మోహన్ కథను అయిదు నిమిషాల్లో ముగించాడు.