మూడుసార్లు పడవలెను

మనిషికో లక్ష్యం ఉండాలని పెద్దలు ఏనాడో చెప్పారు గానీ, దాన్ని మూడు ప్రతుల్లో సమర్పించాలని చెప్పడం మరిచిపోయారు. ఆ లోటును నీటి సరఫరా కార్యాలయం భర్తీ చేసింది. ఇకపై ప్రతి ఉద్యోగీ ఏడాదికొక వ్యక్తిగత లక్ష్యం పెట్టుకుని, దానికి అనుమతి పొంది, ఆపైన సాధించి, రుజువు చూపించాలని సర్క్యులర్ వచ్చింది. లక్ష్యం లేనివారి పేరు ప్రమోషన్ జాబితాలో ఉండదు. దీన్ని చూసుకోవడానికి ఒక లక్ష్యాధికారి కూడా వచ్చాడు. (ఖాళీ గది లేక ఆయన రెండు నెలలు మెట్ల కింద కూర్చున్నాడు. గది సంపాదించడమే ఆ ఏడు ఆయన లక్ష్యం.)

రికార్డు రూములో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్న గుమాస్తాను అందరూ ఫైళ్లక్క అంటారు. సీనియర్ గుమాస్తా పదవి పదకొండేళ్లుగా ఇదిగో అదిగో అంటూ ఆమెను ఊరిస్తోంది. ఫారం చేతికి రాగానే ఆమె క్షణమైనా ఆలోచించకుండా "సైకిలు తొక్కడం నేర్చుకోవడం" అని రాసేసింది. చిన్నప్పుడు ఇంట్లో ఉన్న ఒక్క సైకిలూ అన్నయ్యది, వెనక క్యారియర్ ఈమెది. నలభై ఆరేళ్లొచ్చినా ఆ క్యారియర్ దిగలేకపోయానని లోలోపల ఒక దిగులు. పైగా బస్సు ఊరంతా తిరిగి గంటకు చేర్చే ఆఫీసుకు సైకిలు మీద పావుగంట.

పది రోజులకు ఫారం కొర్రీతో తిరిగొచ్చింది. "ఎంత దూరం? కొలత లేదు." రెండు కిలోమీటర్లని రాసి పంపింది. "ఏ దిక్కుకు?" ఆఫీసు వైపని రాసింది. ఈ జవాబుకు లక్ష్యాధికారి ఎంతో సంతోషించినట్టు తెలిసింది. ఆ సంతోషంలోనే మూడో కొర్రీ వేశాడు: "తిరుగు ప్రయాణం వ్యక్తిగతమా, కార్యాలయానికి సంబంధించినదా?" అది తేల్చడానికి ఒక ఉపసంఘం కూర్చుంది. (ఇంకా లేవలేదు.)

ఫైలు ఇలా ఆరు నెలలు ఊరేగుతుండగా, కూతురు ఎక్కడినుంచో ఒక పాత సైకిలు పట్టుకొచ్చింది.

"రామ్మా, ముందు నేర్చేసుకో. కాగితం దాని తీరిక చూసుకుని అదే వస్తుంది."

మోకాళ్లు రెండూ గీరుకుపోయాయి. ఎదురింటివాళ్ల గేటు ఒకటి వంగింది. పన్నెండో రోజున ఫైళ్లక్క కూరగాయల బండిని తప్పించి, మలుపు తిరిగి, బెల్లు కూడా కొట్టింది. అడ్డం ఎవరూ లేరు. అయినా ఇంటిదాకా కొడుతూనే వచ్చింది.

ఆ మరుసటి వారమే అనుమతి మంజూరైంది. కింద ఒక షరతు: "నిబంధన పద్నాలుగు ప్రకారం, సదరు పని సదరు ఉద్యోగికి రాదని అధికారి కళ్లారా చూడవలెను. కావున గురువారం పదకొండు గంటలకు సైకిలుతో హాజరై, కనీసం మూడుసార్లు పడవలెను."

గురువారం ఆమె సైకిలు తొక్కుకుంటూనే గేటులోకి వచ్చింది. లక్ష్యాధికారి మెట్ల మీద ఫారం పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏంటమ్మా ఇది? ఎప్పుడు నేర్చుకున్నావు?"

"పోయిన వారమేనండి!" అంది, ముఖం ఇంత చేసుకుని.

ఆయన ముఖంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. "ఎంత పని చేశావమ్మా! అనుమతి లేకుండా సాధించేస్తావా? నీ ప్రమోషన్ సంగతి అలా ఉంచు, ముందు నాకు మెమో వస్తుంది."

"మరిప్పుడేం చేయమంటారండి?"

"చేసేదేముంది, పడు."

పదకొండేళ్ల ఎదురుచూపు ఒక్క పడటంతో గట్టెక్కుతుందంటే ఎవరు కాదంటారు? ఫైళ్లక్క నీళ్ల ట్యాంకు చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. కానీ ఒకప్పుడు నిలవనన్న ఒళ్లు ఇప్పుడు పడనంటోంది. కిటికీల నిండా తలకాయలు చేరాయి.

"ఎడం పక్కకి ఒరుగమ్మా!" అన్నాడు వాచ్‌మన్ తాత.

"కళ్లు మూసుకో అక్కా!" అని పైనుంచి టైపిస్టు అరిచింది.

మూసుకుంది. ట్యాంకు చుట్టూ ఇంకో రౌండు, మరింత చక్కగా వచ్చింది.

"పడటం కూడా చేతకాదా? ఇలా తే, నేను చూపిస్తా" అంటూ లక్ష్యాధికారి సైకిలు లాక్కున్నాడు. ఆయన జన్మలో సైకిలు ఎక్కలేదన్న సంగతి అక్కడున్నవారికి ఆ తర్వాతి క్షణంలోనే తెలిసింది. మొదట పూలకుండీల మీద పడ్డాడు. లేచి, పట్టుదల కొద్దీ మళ్లీ ఎక్కి, వాచ్‌మన్ తాత కుర్చీ మీద పడ్డాడు. మూడోసారి నోటీసు బోర్డుతో సహా పడ్డాడు.

"మూడు!" అన్నాడు తాత.

ఫారంలో "అధికారి సమక్షంలో మూడుసార్లు పడటం జరిగినది" అని మాత్రమే ఉంది. పడిందెవరన్న గడి లేదు. ఆయన మోచేయి దులుపుకుని సంతకం చేశాడు.

ఆ క్షణం నుంచి ఫైళ్లక్కకు అధికారికంగా సైకిలు రాదు. ఆ రోజు నుంచి లెక్కకట్టిన ఏడాదిలో, మూడు నెలలకు పాతిక శాతం చొప్పున నేర్చుకోవాలి. రోజూ ఆఫీసు మలుపుదాకా ఈల వేసుకుంటూ తొక్కుకొచ్చి, అక్కడ దిగి, గేటులోకి నడిపించుకుంటూ వచ్చేది. (రెండో త్రైమాసికంలో ఒక పెడలుకు అనుమతి వచ్చింది.) ఏడాది చివర పరీక్షలో నెగ్గింది, సీనియర్ గుమాస్తా అయింది. ఉత్తమ శిక్షకుడిగా లక్ష్యాధికారికి ప్రశంసాపత్రం వచ్చింది.

కొత్త ఏడాది ఫారం రాగానే, ఆమె తన ముత్యాల్లాంటి అక్షరాలతో "సంతకం పెట్టడం నేర్చుకోవడం" అని రాసి, కింద శుభ్రంగా వేలిముద్ర వేసింది.

ఒక్క కొర్రీ లేకుండా ఆ రోజే ఆమోదం వచ్చింది.