తిట్లు పడని మొక్క

మంగళవారం పొద్దున బాలమణి వేసుకున్న పథకంలో పెద్ద పనులేమీ లేవు. చాయ్ తాగాలి. మనవరాలు సాత్వికను బడి గేటు దాకా దిగబెట్టాలి. బడి వెనకే ఉన్న నర్సరీకి వెళ్ళి కుండీల్లో కలుపు తీయాలి. ఇంటికొచ్చేటప్పుడు ఒక ఓక్ మొక్కను దొంగిలించుకు రావాలి.

ఆ నర్సరీని నడిపేది వాలంటీర్లే. ఇంగ్లండ్‌లోని ఈ లీసెస్టర్ ఊరి పార్కుల్లో ఆకురాలే కాలంలో రాలిన ఓక్ కాయలు ఏరుకొచ్చి, కుండీల్లో నాటి, ఏడాది పాటు పెంచి, మూరెడు ఎత్తు అయ్యాక బడులకూ పార్కులకూ ఇస్తారు. ఒక్కొక్కరికి ఒక్కో ట్రే. బాలమణి ట్రే వసంతంలో నిండుగా ఉండేది. ఎండాకాలం వచ్చేసరికి పళ్ళూడిన నోరులా తయారైంది. కొన్ని కుండీలకు కుండీలే కనబడలేదు. ఉన్నవాటిలో కొన్ని కుళ్ళిపోయాయి. ఉడుతల పనో, తాను నీళ్ళు ఎక్కువ పోసిందో ఆమెకు తేలలేదు. ఇప్పుడు మిగిలింది ఒక్కటే. దాన్ని మొక్క అనడం కంటే పుల్ల అనడం న్యాయం.

జగిత్యాలలో ఉన్నప్పుడు ఆమె ఎండు కట్టె గుచ్చినా చిగురేస్తుందని వాడంతా చెప్పుకునేవారు. ఆ హస్తవాసి విమానం ఎక్కలేదేమోనని ఆమెకు బెంగ పట్టుకుంది.

బెంగకు అసలు కారణం వేరే ఉంది. శుక్రవారం సాత్విక క్లాసు పిల్లలందరూ కలిసి బడి మైదానంలో ఒక ఓక్ మొక్క నాటబోతున్నారు. అది మా నానమ్మ పెంచిన మొక్కే అని సాత్విక క్లాసంతా చాటేసింది. ఓక్ చెట్టు వందల ఏళ్ళు బతుకుతుందట. అంటే సాత్విక మనవలు కూడా దాన్ని చూస్తారు. అలాంటి చెట్టు కోసం పుల్లను తీసుకెళ్ళి ఎలా ఇవ్వడం?

అడిగితే ఇచ్చేవాళ్ళున్నారు. నర్సరీ బాధ్యత చూసే డోరీన్ ఎప్పుడో బళ్ళో పిల్లలకు భోజనాలు వడ్డించి రిటైరైన మనిషి. అడిగిందే తడవు మంచి మొక్క ఏరి చేతిలో పెడుతుంది. చిక్కంతా అక్కడే వచ్చింది. అడిగి తెచ్చుకున్న మొక్క అంటుకోదు. దొంగిలించి తెచ్చుకున్నదే ఏపుగా పెరుగుతుంది. ఈ సంగతి మొక్కలు పెంచే ప్రతి ఆడదానికీ తెలుసు. బాలమణి తల్లి దీనికి ఇంకో మాట కూడా కలిపేది: పోగొట్టుకున్నవాళ్ళు ఎంత తిడితే మొక్కకు అంత బలం. తిట్లే దానికి ఎరువు.

దొంగతనం సులువుగానే అయిపోయింది. పక్క ట్రే కెన్‌ది. ఒకప్పుడు బస్సులు నడిపిన ఆయన ఇప్పుడు మొక్కల్ని కూడా క్రమశిక్షణలో నిలబెడతాడు. ఆయన టీ పెట్టడానికి షెడ్‌లోకి వెళ్ళగానే బాలమణి అన్నిటికన్నా పొడవైన మొక్కను కుండీతో సహా సంచిలో వేసుకుని, పైన శాలువా కప్పింది. ఇక తిట్లు పడడమే తరువాయి. చీపురు పట్టుకుని ఊడ్చిన చోటే ఊడుస్తూ ఎదురుచూసింది.

కెన్ వచ్చాడు. ట్రే చూశాడు. నుదురు రుద్దుకున్నాడు. "ఇక్కడొకటి ఉండాలే! సారీ బాలమణీ, నేనే ఎక్కడో పెట్టి మరిచిపోయినట్టున్నాను," అని ఆమెకు టీ కప్పు అందించాడు.

బాలమణి ఆ కప్పును అలాగే బల్ల మీద పెట్టేసింది.

తిరిగి వెళ్ళేటప్పుడు బస్సులో రాజ్యం దగ్గర కక్కేసింది. రాజ్యం కూడా వాలంటీరే. తెనాలి మనిషి. కొడుకు ఆసుపత్రిలో పనిచేస్తాడు. ఇద్దరూ ఒకరినొకరు వదినా అని పిలుచుకుంటారు.

"తిట్టలేదు వదినె! ఒక్క మాటన్న అనలేదు. పైకెంచి సారీ జెప్పిండు. గిట్లయితె మొక్క బతుకుతదా?"

"వీళ్ళింతే వదినా. మనం వాళ్ళ కాలు తొక్కినా వాళ్ళే సారీ చెబుతారు," అంది రాజ్యం. "అయినా ఒక్కటి పోతే ఎవరు తిడతారు? ఇంకోటి పోతే అప్పుడు నోరు లేస్తుంది. రేపు నాకు వదిలెయ్."

"నువ్వెందుకు వదినె పాపం మూటగట్టుకుంటవ్?"

"నీ మనవరాలు నా మనవరాలు కాదేంటి? ఊరుకో."

బుధవారం డోరీన్ ట్రే నుంచి ఒక మొక్క రాజ్యం కోటు కింద దూరింది. దాంతో ఆవిడ తొమ్మిదో నెల గర్భిణిలా గేటు దాటింది. కాసేపటికి డోరీన్ ఖాళీ జాగా చూసింది. "అయ్యో, ఎవరికో పాపం చాలా అవసరమైనట్టుంది, మి డక్," అని నిట్టూర్చింది. ఆ ఊరివాళ్ళు ముద్దొస్తే ఎవరినైనా అలా బాతుతో పోలుస్తారు. వచ్చిన కొత్తలో బాలమణి తన నడకను వెక్కిరిస్తున్నారనుకుని నెలరోజులు నడక మార్చుకుంది కూడా.

గురువారం గేటుకు ఒక అట్టముక్క వేలాడుతోంది. కెన్ రాతలో ఉన్న దాన్ని రాజ్యం చదివి వినిపించింది: "ప్రియమైన మిత్రమా, పొరపాటున మా మొక్కలు మీ వెంట వచ్చి ఉంటే కంగారు పడకండి. నీళ్ళు తక్కువ పోయండి. చలిగాలి తగలనివ్వకండి. ఏదైనా సందేహం ఉంటే లోపలికి రండి, టీ తాగుతూ మాట్లాడుకుందాం."

"దొంగకు చాయ్ పోస్తరా?" బాలమణి తల పట్టుకుంది. "వీళ్ళ నోట్లె నాలికె ఉన్నదా లేదా?"

"ఇదంతా చిల్లర దొంగతనం కాబట్టి ఇలా ఉంది," అంది రాజ్యం, పంతం వచ్చి. "ట్రే మొత్తం మాయం చేద్దాం. తీసుకెళ్ళొద్దు, ఆ ఎరువు బస్తాల వెనక దాచుదాం. ఆయన నాలుగు తిట్లు తిట్టగానే, ఇదిగో ఇక్కడుంది అని మనమే చూపిద్దాం."

వినడానికి బాగానే ఉంది. ఇద్దరూ చెరో పక్క పట్టుకుని కెన్ ట్రేను బస్తాల వెనక్కి చేర్చారు. కెన్ వచ్చాడు. ఖాళీ బల్ల ముందు నిలబడ్డాడు. ఆయన మొహం ఎర్రబడింది. నోరు తెరిచాడు. బాలమణి చెవులు రిక్కించింది.

"ఓ డియర్," అన్నాడు కెన్.

ఆ తర్వాత ఆయన టీ పెట్టడానికి వెళ్ళలేదు. బల్ల మీద కూర్చుని తలవంచుకున్నాడు. డోరీన్ వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసి, ఫోన్ తీసుకుని షెడ్‌లోకి నడిచింది. తిట్టని మనిషి అలా కుంగిపోతే ఎలా చూడాలో బాలమణికి తెలియలేదు. ట్రే చూపించేద్దామని బస్తాల వైపు అడుగేసింది. రాజ్యం ఆమె చెయ్యి పట్టుకుని, "ఇప్పుడు చెబితే ఇద్దరం దొంగలమైపోతాం, రేపు చూద్దాం పద," అని బయటికి లాక్కొచ్చింది.

డోరీన్ ఎవరికి ఫోన్ చేసిందో సాయంత్రం తెలిసింది. సాత్విక బడి నుంచి వచ్చి, బ్యాగు విసిరేసి, సోఫాలో బోర్లా పడుకుంది.

"ఏమైంది బిడ్డా?"

ఏడుపు మధ్య ఇంగ్లీషులో వచ్చిన మాటల సారం ఇది. నర్సరీలో దొంగలు పడ్డారు. మొక్కలన్నీ పోతున్నాయి. మిగిలినవి బయటికి ఇవ్వరు. చెట్టు నాటడం వచ్చే ఏడాదికి వాయిదా. వచ్చే ఏడాది సాత్విక వేరే క్లాసులో ఉంటుంది. రేపు చెట్టుకు బదులు, మొక్కలు పోగొట్టుకున్న వాలంటీర్లను ఓదార్చడానికి క్లాసంతా కార్డులు పట్టుకుని వెళ్తున్నారు.

సాత్విక తాను చేసిన కార్డు చూపించింది. అందులో ఒక ఓక్ చెట్టు కన్నీళ్ళు కారుస్తోంది. పక్కన నల్ల ముసుగు వేసుకున్న దొంగ.

"నానమ్మా, thieves are horrible people, aren't they?"

"అవు బిడ్డా," అంది బాలమణి, వాషింగ్ మెషిన్ వెనక దాచిన కుండీ వైపు చూడకుండా.

శుక్రవారం సాత్వికను దిగబెట్టే పని కొడుక్కి అప్పగించి, ఆమె ఆ కుండీని సంచిలో పెట్టుకుని ముందే బయల్దేరింది. చెట్టు బతకడం సంగతి తర్వాత, ముందు నాటడమంటూ జరగాలి. ఎవరూ రాకముందే మొక్కను దాని చోట పెట్టేసి, ట్రేను బల్ల ఎక్కిస్తే మొక్కలన్నీ దొరికినట్టే. రాజ్యం కూడా తాను తీసిన మొక్కతో బస్టాపులో కలిసింది. కానీ బస్సు ఆలస్యమైంది. వాళ్ళు గేటు తోసేసరికి లోపల క్లాసంతా కార్డులతో వరుస కట్టి నిలబడి ఉంది. కెన్ చేతుల నిండా కార్డులున్నాయి. డోరీన్ కళ్ళు తుడుచుకుంటోంది.

బాలమణి వెనక్కి తిరగబోయింది. అంతలో సాత్విక చూడనే చూసింది. సంచిలోంచి రాగిరంగు ఆకులు రెండు బయటికి తొంగిచూస్తున్నాయి.

"Nanamma found it!" అని గావుకేక పెట్టింది.

పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. టీచరు ఫోటో తీసింది. కెన్ పరుగున వచ్చి, "ఎక్కడ దొరికింది, బాలమణీ?" అని అడిగాడు.

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ సాత్విక కళ్ళు మెరిసిపోతూ నానమ్మనే చూస్తున్నాయి. బాలమణి సంచి కింద పెట్టింది.

"ఐ స్టోల్," అంది. "మంగళవారం. నేనే."

రాజ్యం కోటు గుండీలు విప్పి, తన మొక్క బయటికి తీసింది. తర్వాత బస్తాల వెనక్కి వెళ్ళి ట్రే అంచు పట్టుకుని బరబరా ఈడ్చుకొచ్చింది.

డోరీన్ ట్రే వైపూ బాలమణి వైపూ చూసి, "కానీ ఎందుకు, మి డక్? అడిగితే ఇచ్చేవాళ్ళం కదా!" అంది.

"అడుగుడే తప్పు!" బాలమణి సాత్విక భుజాలు పట్టుకుని ముందు నిలబెట్టింది. "చెప్పు బిడ్డా వీళ్ళకు. అడిగి తెచ్చుకున్న మొక్క బతకదని చెప్పు. దొంగతనం చేసిందే పెరుగుతదని చెప్పు. తిట్లు పడితె ఇంకా బలమని చెప్పు. ఇన్ని దినాలసంది తిడతరేమోనని చూస్తున్న, ఒక్కలన్న తిట్టరే! ఇప్పుడన్న తిట్టుమను!"

సాత్విక ఒక్కో ముక్కే ఇంగ్లీషులో చెప్పింది. ఆఖరి ముక్క చెప్పేటప్పుడు ఆ పిల్లకే నమ్మకం కుదరలేదు.

కెన్ డోరీన్ వైపు చూశాడు. డోరీన్ తన బూట్ల వైపు చూసింది. ఇద్దరి మొహాలూ ఎర్రబడ్డాయి.

"మా నాయనమ్మ కూడా అదే చెప్పేది," అంది డోరీన్ నెమ్మదిగా. "కొట్టేసిన మొక్కే బాగా అంటుకుంటుందని. మే నెలలో అందరి ట్రేలూ చూశాను, బాలమణీ. నీ మొక్కల్లాంటివి ఎవరి దగ్గరా లేవు. అందుకని... ఒకటి తీసుకున్నాను. తర్వాత ఇంకొకటి."

"నేనూ," అన్నాడు కెన్ గొంతు సవరించుకుంటూ. "కొన్ని. నీ సంచిలో ఉంది చూడు, అదీ నీ ట్రే లోదే."

బాలమణి రాజ్యం వైపు తిరిగింది. రాజ్యం ఆకాశంలో మబ్బులు చూడడం మొదలుపెట్టింది.

"నువ్వు సుత?"

"ఒక్కటే వదినా. నీ చేతి మొక్క కదా, ఒట్టిపోదని."

బాలమణి మనసులో లెక్క వేసుకుంది. నీళ్ళు ఎక్కువై చచ్చినవి ఏవో రెండు మూడే. మిగతావి ఉడుతలు తినలేదు. ఆమె చేతిలో దోషమే లేదు. ఎండాకాలమంతా తిండి సయించక, తన చేతుల్ని తానే అనుమానంగా చూసుకున్న రోజులన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

చీర కొంగు నడుముకు దోపుకుంది.

"మీ చేతులు ఇరుగ!" అని అందుకుంది. "బంగారమసొంటి మొక్కలు తీసుకపోయి, తీసుకపోయి, నా ముంగటనే నీళ్ళు వోస్తరా? మీ మొకాన మన్నువడ! నేనేమొ ఉడుతలని ఆడిపోసుకుంటి. ఓ డోరీనమ్మా, ముసలితనం వచ్చినా బుద్ధి రాకపాయెగద నీకు! ఓ కెన్నూ, బస్సు నడిపిన చేతులా అవి, జేబులు కొట్టే చేతులా? ఇగ నువ్వు రాజ్యం..."

జగిత్యాల వాడ వదిలి వచ్చాక అంత తృప్తిగా ఆమె ఎవరినీ తిట్టలేదు. తిట్లు ధారాళంగా వస్తూనే ఉన్నాయి. ఒక్క ముక్క అర్థం కాకపోయినా కెన్‌కూ డోరీన్‌కూ విషయం బోధపడింది. ఇద్దరూ పారలు తీసుకుని బడి మైదానంలోకి నడిచారు. తలవంచుకుని గుంత తవ్వారు. సాత్విక మొక్కను కుండీలోంచి తీసి అందులో నిలబెట్టింది. పిల్లలు తలా ఇంత మట్టి వేశారు. బాలమణి గుంత గట్టున నిలబడి, మధ్యలో ఊపిరి తీసుకోవడానికి తప్ప ఆగలేదు.

టీచరు బెదురుగా సాత్విక దగ్గరికి వంగి, మీ నానమ్మ ఏమంటున్నారని అడిగింది.

ఈ చెట్టు చాలా బాగా పెరుగుతుందంటోంది మిస్, అని సాత్విక ఇంగ్లీషులో చెప్పింది.