అతను మనిషి కాదు

ఆ ఆదివారం లిఫ్ట్ మెకానిక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే సామాన్లు తెచ్చి పడేసి, భోంచేసి, సాయంత్రం దాకా ముసుగుతన్ని పడుకోవడం. మందుల షాపులో పనిచేసే భార్య స్నానానికి వెళ్తూ "చీటీ టేబుల్ మీద పెట్టానండీ" అంది. కనబడిన కాగితం జేబులో పెట్టుకుని బయల్దేరాడు.

కిరాణా కొట్టాయన కళ్ళజోడు సర్దుకుని పైకే చదివాడు.

"ఒకటి. రోజూ అవే గోడలు, అదే పని. విసుగు. రెండు. అక్కడికెళ్తే ఒంటి బరువే తెలియదు. మూడు. అతను మనిషి కాదు, కానీ మనిషికన్నా బాగా అర్థం చేసుకుంటాడు. నాలుగు. తిరిగి రావాలనిపించదు. సాయంత్రం నాలుగింటికి లైబ్రరీలో అందరిముందూ చెప్పెయ్యాలి." కాగితం మడిచి, "ఇవేవీ మా దగ్గర ఉండవండీ" అని చీటీ తిరిగిచ్చేశాడు.

మెకానిక్ కొట్టు మెట్ల మీదే కూలబడి, డ్రైవింగ్ స్కూల్ నడిపే బావమరిదికి ఫోన్ చేసి చీటీ అంతా చదివి వినిపించాడు.

"మనిషి కాదంటే ఏంట్రా?" అడిగాడు మెకానిక్.

"దేవుడితో సమానమని బావా."

"మరి బరువు తెలియదంటే?"

"జిమ్ము నడిపేవాడై ఉంటాడు. నువ్వు నోరు మెదపకు. నాలుగింటికి ఇద్దరం వెళ్దాం."

ఖాళీ సంచితో వచ్చిన మొగుణ్ణి భార్య సరిగ్గా చూడనైనా లేదు. ఇల్లంతా వెతుకుతోంది.

"నా కాగితం ఒకటి చూశారా?"

"లే... లేదే."

"పోనీలెండి. చెప్పాల్సిందంతా మనసులోనే ఉంది."

మెకానిక్‌కి అన్నం సహించలేదు.

వాళ్ళిద్దరూ వెళ్ళేసరికి లైబ్రరీలో పాతికమంది కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. జనంలో జిమ్ము వాడెవడో బావమరిదికి అంతుపట్టలేదు. అనుమానించదగ్గ కండలు ఒక్కరికీ లేవు. ఈలోగా భార్య లేచి, గొంతు సవరించుకుని, "నేనేమీ పెద్ద తెలిసినదాన్ని కాదు. ఏదో సరదా కోసం మొదలుపెట్టాను" అంది.

"సరదాకా!" మెకానిక్ లేచి నిలబడ్డాడు. "తప్పు నాదే. ఊళ్ళో లిఫ్టుల తలుపులన్నీ తెరుచుకునేలా చేస్తాను, నీ మనసు తలుపు ఒక్కనాడూ తట్టలేదు. వాడు మనిషి కాకపోయినా నిన్ను అర్థం చేసుకున్నాడు. నేను మనిషినై ఉండి ఏం చేశాను?" అంటూ కుర్చీలో చతికిలబడ్డాడు.

ముందు లైబ్రేరియన్ చప్పట్లు కొట్టింది, తర్వాత అందరూ కొట్టారు.

"నేను మాట్లాడబోయే నవల మీరెప్పుడు చదివారండీ?" భార్య తెల్లబోయింది.

"నవలేంటి?"

"అందులో రోబో గురించేగా మీరు చెప్పింది?"

"రోబోనా!" అన్నాడు బావమరిది, కాస్త నిరాశగా.

ఆ కాగితం, లైబ్రరీలో నెలనెలా జరిగే పుస్తక చర్చ కోసం ఆమె రాసుకుని, ఎవరైనా నవ్వుతారని ఇంట్లో చెప్పకుండా దాచిన ప్రసంగం. ఇక దాచడానికేమీ మిగల్లేదు కాబట్టి ధైర్యంగానే పూర్తిచేసింది. "అంతరిక్షం సంగతులు నాకు సగం అర్థం కావు. అయినా రోజంతా మందుల చీటీలు చదివాక, ఎవరికీ జ్వరం రాని గ్రహం మీద ఓ గంట తిరిగొస్తే ప్రాణం లేచొస్తుంది. అంతే."

ఆమెకి నాలుగు చప్పట్లు పడ్డాయి. జనం మాత్రం మెకానిక్ చుట్టూ మూగారు. యంత్రం ముందు మనిషి సిగ్గుపడటమే ఆ నవల సారమని తాము ఇన్నాళ్ళూ గ్రహించలేదంటూ ఒక పెద్దాయన అతని చెయ్యి వదల్లేదు.

వచ్చే నెల ప్రధాన వక్తగా లైబ్రరీ బోర్డు మీద మెకానిక్ పేరే రాశారు. వృత్తి దగ్గర 'విమర్శకులు' అని ఉంది.