కుళాయిలో మిగిలిన పదమూడు రోజులు

చిలుముల విఠల్ చనిపోయిన మూడో రోజు పొద్దున, వంటింట్లో బీరు కుళాయి తిప్పగానే అతని గొంతు వచ్చింది. "పొంగు ఎక్కువొస్తున్నది, వాషర్ చూడాలె" అంది ఆ గొంతు. ఇందులో వింతేమీ లేదు. జహీరాబాద్ రోడ్డు మీద ఉన్న ఆ బీరు ఫ్యాక్టరీ కాలనీలో నలభై రెండు క్వార్టర్లు. ప్రతి క్వార్టరుకూ వెనక వసారాలో ఒక పీపా, పీపా నుంచి గోడలోంచి వంటింట్లోకి పన్నెండడుగుల సన్న గొట్టం, దాని చివర ఒక కుళాయి, అన్నీ కంపెనీ వారే బిగించి ఇచ్చారు. కుళాయి దగ్గర మనుషులు మాట్లాడే మాటలు గొట్టం లోపల మడ్డిలా పేరుకుంటాయి. మనిషి బతికున్నన్నాళ్లూ అవి కిక్కురుమనవు. పోయాక, కుళాయి తిప్పినప్పుడల్లా పైపొరలోని మాటలు బీరుతోపాటు బయటికొస్తాయి. అడుగున గట్టిపడిన మాటలు మాత్రం గొట్టం కడిగే మందు పోసి కరిగిస్తేనే వస్తాయి, అదీ ఒక్కసారే. ఈ సంగతంతా కంపెనీ నిబంధనల పుస్తకం పదకొండో పేజీలో ఉంది.

విఠల్ భార్య తుల్జమ్మకు బీరు వాసనంటేనే పడదు. అయినా ఆ రోజు నుంచి పూటకోసారి కుళాయి తిప్పి, గ్లాసు పట్టి, విని, ఆ గ్లాసు తీసుకెళ్లి కరివేపాకు మొక్క మొదట్లో పోసేది. మొక్క ఏపుగా పెరిగింది.

వారం తిరిగేసరికి ఆమెకు ఒక సంగతి అర్థమైంది. కుళాయిలో ఉన్నవి అన్నీ కలిపి పదిహేను మాటలే. "వాషర్ చూడాలె." "గోలి ఏసుకున్నవా?" "ఆ సంచి ఎక్కడ పెట్టిన?" "దానికి అన్నం పెట్టినవా?" ఇవే తిరిగి తిరిగి వస్తున్నాయి. పక్క క్వార్టరు ఈరమ్మ ఇంట్లో ఆమె మామ పోయి తొమ్మిదేళ్లయింది. ఆ ఇంటివాళ్లు ఒక్కనాడూ గొట్టం కడిగిన పాపాన పోలేదు. ఆ ముసలాయన ఇప్పటికీ రోజుకో కొత్త సంగతి చెబుతాడు, కూరలో ఉప్పు తక్కువైందని కోడలిని తిడతాడు, ఏ ఎండాకాలంలోనో పోయిన మేక గురించి ఆరా తీస్తాడు. ఈరమ్మ విసుక్కుంటూనే పొద్దున లేవగానే కుళాయి తిప్పుతుంది.

విఠల్ అలా కాదు. ఫ్యాక్టరీలో అతని ఉద్యోగమే బీరు లైన్లు కడగడం. ఇరవై మూడేళ్లు చేశాడు. లైను విభాగం వాళ్ల ఇళ్లలో కుళాయి పక్కన ఒక కార్డు వేలాడాలి, రెండు వారాలకోసారి కడిగి తేదీ రాయాలి, "ఏమైనా వినిపించినదా?" అన్న గడి నింపాలి, ఇంట్లోవాళ్లు సాక్షి సంతకం పెట్టాలి. మిగతావాళ్లు నెలల తేదీలన్నీ ఒక్క రోజే కూర్చుని రాసేవారు. విఠల్ ఒక్క ఆదివారం తప్పలేదు. అతను కన్నుమూసింది శనివారం, మర్నాడు కడగాల్సిన రోజు. కాబట్టి గొట్టంలో పదమూడు రోజుల మాటలే మిగిలాయి. ఇరవై మూడేళ్ల కాపురాన్ని అతనే పక్షానికోసారి శుభ్రంగా కడిగి మోరీలో పోశాడు. ప్రతిసారీ కార్డు మీద సాక్షి సంతకం పెట్టింది తుల్జమ్మే.

కూతురు రేణుకకు ఆ పదిహేను మాటల్లో తన పేరు లేదని తెలుసు. ఎందుకు లేదో కూడా తెలుసు. తండ్రి పోవడానికి రెండు నెలల ముందు, తన విభాగంలో హెల్పర్ ఖాళీ ఉంది, దరఖాస్తు పెట్టమని ఆయన అడిగాడు. "డిగ్రీ చదివింది పైపులు కడగనీకా నాయినా? నువ్వు కడిగింది సాలదా?" అంది.  ఆ రోజు నుంచి విఠల్ కూతురితో మాట్లాడటం మానేశాడు. ఏం కావాలన్నా భార్యనే అడిగేవాడు. "దానికి అన్నం పెట్టినవా?" అంటే అదే. రేణుక కుళాయి దగ్గరికి వెళ్లడం మానేసింది, కానీ వంటింట్లోంచి ఆ మాట వినిపించినప్పుడల్లా చేస్తున్న పని ఆపేసేది.

పద్దెనిమిదో రోజున విఠల్ పేరు మీద మెమో వచ్చింది. అనుమతి లేకుండా విధులకు గైర్హాజరవుతున్నందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెనని అందులో ఉంది. పట్టుకొచ్చినవాడు లైను ఇన్‌స్పెక్టరు ప్రభుదాస్. మంచివాడే, చెప్పులు గుమ్మం బయటే విడిచి వచ్చాడు.

"ఆయన సచ్చిపోయిండు గద సారూ. బొందల నువ్వు గూడ మట్టేసినవ్" అంది తుల్జమ్మ.

"ఏసిన అమ్మా. ఏసి ఏడ్సిన గూడ. కానీ లైన్ల ఇంకా మాట్లాడుతుండు. మాట్లాడేటోన్ని సచ్చిపోయిండని నేనెట్ల రాయాలె?"

నిబంధన ప్రకారం మెమోను కుళాయి ముందు చదివి వినిపించారు. కుళాయి తిప్పారు. "పొంగు ఎక్కువొస్తున్నది, వాషర్ చూడాలె" అన్నాడు విఠల్. సంజాయిషీ సంతృప్తికరముగా లేదు అని ప్రభుదాస్ రాసుకున్నాడు. 

వెళ్లేముందు అతను దారి చెప్పాడు. లైనును తిరగ్గడిగి, అంటే కుళాయి వైపు నుంచి పీపా వైపుకు మందు ఎక్కించి, గొట్టం పూర్తిగా నోరు మూశాక నిశ్శబ్ద ధ్రువపత్రం ఇస్తారు. అది ఉంటేనే విఠల్ చనిపోయినట్టు. చనిపోతేనే కూతురికి కారుణ్య నియామకం. తొంభై రోజులు దాటితే అదీ లేదు, క్వార్టరు ఖాళీ చెయ్యాలి. తర్వాత వచ్చేవాళ్లు ముందు చేసే పని ఆ గొట్టం కడగడమే.

"అంటే ఎట్లయినా పోతడు" అంది తుల్జమ్మ.

"ఎట్లయినా పోతడు అమ్మా. బిడ్డకు కొలువన్న మిగులుతది."

తుల్జమ్మ వెంటనే ఒప్పుకోలేదు. ఎనభై ఆరో రోజు దాకా పూటకోసారి తిప్పి వింటూనే ఉంది. మధ్యలో ఇంకో రెండు మెమోలు వచ్చాయి; వాటికీ వాషర్ సంగతే జవాబు. ఎనభై ఏడో రోజు పొద్దున కుళాయి తిప్పి, పదిహేను మాటలూ మొదటి నుంచి చివరి దాకా విని, "ఇగ కానియ్" అంది.

కంపెనీకి లైన్లు కడిగే విదేశీ పంపు ఒకటుంది. వచ్చిన రోజు నుంచీ మరమ్మతులోనే ఉంది. అందుకే విఠల్ తన పంపు తనే చేసుకున్నాడు. సోమవారం సంతలో పత్తి రైతులు కొనే పురుగుమందు స్ప్రేయరు, ఐదు లీటర్లది, కొత్తది తెచ్చాడు. ముక్కు కోసేసి, పాత పీపా తలకాయ నుంచి ఊడదీసిన ఇత్తడి జాయింటు పెట్టి, సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, క్లిప్పు బిగించాడు. పైన చేత్తో నాలుగు దెబ్బలు కొడితే చాలు, మందు గొట్టంలో పరుగెత్తేది. ఫ్యాక్టరీ మొత్తం దానితోనే నడిచింది. అది ఎక్కడుందో కనుక్కోవడానికి రేణుకకు కొంచెం సేపు పట్టింది. కుళాయి తిప్పితే "ఆ సంచి ఎక్కడ పెట్టిన?" అన్నాడు తండ్రి. వసారాలో బియ్యం డ్రమ్ము వెనక దొరికింది.

సంచిలో స్ప్రేయరుతోపాటు రబ్బరు తొడుగులు, కళ్లద్దాలు, సన్న బ్రష్షు, మందు డబ్బాలు, పులుపు చూసే లిట్మస్ కాగితాలు, ఒక అట్ట ముక్క ఉన్నాయి. అట్ట మీద విఠల్ చేతిరాత: ముందు నీళ్లు. తర్వాత సోడా మందు, పావుగంట ఆగాలె. మళ్ల నీళ్లు. తర్వాత యాసిడ్ మందు. మళ్ల నీళ్లు, కాగితం రంగు మారకుండ అయ్యేదాక. రెండు మందులు కలుపొద్దు. తొడుగులున్న చేతులతోని కండ్లు తుడుసుకోవద్దు. కింద గీత గీసి ఇంకో ముక్క రాశాడు: తొందరపడొద్దు.

ప్రభుదాస్ వసారాలో స్టూలు మీద కాగితాలు పెట్టుకుని కూర్చున్నాడు. తుల్జమ్మ వంటింట్లో కుళాయి విప్పి, వాషర్లు చిన్న గిన్నెలో వేసి, స్ప్రేయరు తగిలించి దెబ్బలు కొడుతోంది. రేణుక వసారాలో గొట్టం ఇవతలి కొస కింద బకెట్టు పెట్టి నిలబడింది.

నీళ్లకు ఏమీ రాలేదు. సోడా మందుకు పైపొర కదిలింది. గోధుమరంగు నీళ్లతో విఠల్ మాటలు ఒక్కొక్కటే బకెట్టులో పడ్డాయి. వాషర్ పోయింది. గోలి పోయింది. సంచి పోయింది. "దానికి అన్నం పెట్టినవా?" అన్నది చివరగా వచ్చింది. లోపలి నుంచి తుల్జమ్మ "పెట్టిన" అని జవాబిచ్చింది, దెబ్బలు కొట్టడం ఆపకుండానే.

మళ్లీ నీళ్లు పోశాక యాసిడ్ మందు ఎక్కించారు. ఇరవై మూడేళ్లూ విఠల్ పీపా నుంచి కుళాయికి కడిగాడు గాని తిరగ్గడగలేదు. గోడ లోపల గొట్టం వంపు తిరిగే చోట, ఒక పక్కన, ఆయన కూడా ఎరగని పాత మడ్డి గడ్డ ఒకటి రాయిలా గట్టిపడి ఉండిపోయింది. ఇప్పుడది ఊడి వచ్చింది. గొట్టం రెండుసార్లు దగ్గింది.

"బిడ్డా, పక్కకు జరుగు. మందు మీద పడుతది."

గొంతు విఠల్‌దే, కానీ బాగా చిన్న వయసుది. పక్కన నిలబడి ఉన్న రెండేళ్ల పిల్లతో అప్పుడు అన్న మాట. ఇరవై రెండేళ్ల రేణుక పక్కకు జరిగింది. ఆమె పాదం ఉన్న చోట రెండు చుక్కలు పడి గచ్చు మీద నురగ కట్టాయి.

"నాయినా" అంది రేణుక. ఇంకోసారి అంది. "నేను పెడత నాయినా, దరఖాస్తు పెడత. ఒక్కసారి మాట్లాడు." తర్వాత వచ్చినవి నీళ్లే. రేణుక బకెట్టు అంచు పట్టుకుని కింద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. తొడుగులున్న చేతులతో కళ్లు తుడుచుకోవద్దని ప్రభుదాస్ హెచ్చరించాడు, అట్ట మీద అది కూడా రాసి ఉంది కాబట్టి.

కాగితం రంగు మారలేదు. కుళాయి బిగించి మూడుసార్లు తిప్పి చూశారు. బీరు వచ్చింది, చక్కగా, పొంగు లేకుండా. "మాకు ఏమీ వినిపించడం లేదు" అని అచ్చేసి ఉన్న చోట తుల్జమ్మ సంతకం చేసింది. మధ్యాహ్నం పన్నెండుంబావుకు విఠల్ చనిపోయాడు.

రేణుకకు పది రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. తండ్రి పేరు కొట్టేసిన వరుసలోనే ఆమె పేరు రాశారు. తండ్రి స్ప్రేయరే వాడుతోంది. అది పాడైతే ఇంకోటి చేసుకోవడం కూడా నేర్చుకుంది. పని బాగా చేస్తుందని, తండ్రి చెయ్యే వచ్చిందని అందరూ అంటారు.

చేరాక నాలుగో కడుగు రోజు, ఆదివారం, రేణుక సంచి తీసుకుని వంటింట్లోకి వచ్చింది. తుల్జమ్మ కింద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. కడిగే ముందు అలవాటుగా రేణుక కుళాయి ఒకసారి తిప్పింది.

"ఇగో, కూర సల్లగైతున్నది. తిందువు రా" అంది కుళాయి.

గొంతు తుల్జమ్మది. పద్నాలుగు రోజులుగా పూటపూటా ఆమె కుళాయి ముందు నిలబడి పిలిచిన పిలుపే. "ఇగో, బిడ్డ వచ్చింది." "ఇగో, వాన పడేటట్టున్నది, బట్టలు తియ్యాలె." "ఇగో, ఇంటున్నవా?" అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. కుళాయి బతికున్నవాళ్ల మాట పలకదని నిబంధనల పుస్తకం పదకొండో పేజీలో స్పష్టంగా ఉంది.

రేణుక కుళాయి కట్టేసింది. తల్లి దగ్గర కూర్చుని మణికట్టు పట్టుకుని చూసింది. చెయ్యి వెచ్చగానే ఉంది.

"అమ్మా, పాణం మంచిగనే ఉన్నదా?"

"మంచిగనే ఉన్నది బిడ్డా." తుల్జమ్మ చేతిలోని చిక్కుడుకాయ వైపు చూస్తూ అంది. "కడుగు మరి. ముందు నీళ్లు గద."

ముందు నీళ్లు పోసింది. తర్వాత సోడా మందు పోసి, గడియారం చూస్తూ పావుగంట ఆగింది. ఆ పావుగంటా ఇద్దరూ కలిసి చిక్కుడుకాయలకు ఈనెలు తీశారు. మళ్లీ నీళ్లు పోసింది. యాసిడ్ మందు డబ్బా మాత్రం సంచిలోంచి తియ్యలేదు. కాగితం రంగు మారలేదు. రేణుక కార్డు మీద తేదీ వేసి, "ఏమైనా వినిపించినదా?" అన్న గడిలో లేదు అని రాసి, తల్లికి అందించింది.

తుల్జమ్మ చీర చెంగుకు చెయ్యి తుడుచుకుని సాక్షి సంతకం పెట్టింది. పెట్టి, లేచి, అన్నానికి మూడు కంచాలు కడిగింది.