మూడంగుళాల గైర్హాజరు

జూన్ నుంచి రోజూ బడికి వస్తున్న పదో తరగతి పెంచలమ్మ ఒక్కరోజు కూడా బడికి రాలేదని తేలినందువల్ల, ఆమె కాళ్లు మూడంగుళాలు పొడిగించాలని నిర్ణయమైంది. పదో తరగతి గదిలో హాజరు వేసే కెమెరాను కనీసం నాలుగడుగుల ఎనిమిదంగుళాల మనిషికి సరిపోయేలా బిగించారు. పెంచలమ్మ నాలుగడుగుల అయిదు. కెమెరాకు ఆమె పాపట మాత్రమే కనిపిస్తుంది. పాపటకు హాజరు లేదు, హాజరు లేనివాళ్లకు హాల్‌టికెట్ లేదు.

ఆమె తండ్రి మాల్యాద్రి దర్జీ. ఆ బడి యూనిఫాంలన్నీ ఆయనే కుడతాడు. పెరిగే పిల్లలు కదా అని ప్యాంటు అంచున రెండంగుళాల మడత వదులుతాడు. కాళ్లలో అలాంటి మడత వదలనందుకు ఆరోజు మొదటిసారి దేవుడి కుట్టుపనిని తప్పుపట్టాడు.

"కెమెరా రవ్వంత దించగూడదా సార్?" అని హెడ్మాస్టరు రమణయ్యను అడిగాడు.

"దానికి రాజధానికి రాయాల. కాళ్లకైతే నీ సంతకం చాలు మాల్యాద్రీ."

"స్టూలెక్కుతా సార్," అంది పెంచలమ్మ.

"అప్పుడు బడికొచ్చింది స్టూలవుతాది. నువ్వెట్టవుతావు తల్లీ?"

మాల్యాద్రి సంతకం పెట్టాడు. పేరులోనే పెంచమని ఉన్న పిల్లను పెంచకపోతే ఎలా అని సరిపెట్టుకున్నాడు.

ఆసుపత్రిలో చేరాలంటే సెలవు కావాలి. రాని పిల్లకు సెలవిచ్చే వీలు నిబంధనల్లో లేదు. అందుకని ఆసుపత్రే బడికి వచ్చింది. రెండో శనివారం సైన్సు ల్యాబులో ఎముకలు కోసి, కాళ్ల చుట్టూ ఇనుప చట్రాలు బిగించారు. చట్రం మరను రోజుకు నాలుగుసార్లు, ఒక్కోసారి పావు మిల్లీమీటరు తిప్పాలి. ప్రార్థన గంటకు, ఇంటర్వెల్‌కు, అన్నం గంటకు, లాంగ్ బెల్‌కు లెక్కల మాస్టరు తిప్పేవారు. పావంటే ఎంతో కచ్చితంగా తెలిసింది ఆయనకే. ఫైళ్లు సాగదీయడంలో ఆరితేరిన బడి ఆఫీసుకు కాళ్లు సాగదీయడం కష్టమనిపించలేదు. ఆదివారం గంట కొట్టరు గనుక ఎముక కూడా పెరగలేదు. పరీక్షల రోజుల్లో మిగతా పిల్లలకు ఇబ్బంది కలగకుండా, మర తిప్పేటప్పుడు పెంచలమ్మ ఇంగ్లీషు గైడును పళ్లతో కరిచిపట్టుకునేది. ఖోఖో జట్టులోంచి ఆమె పేరు కొట్టేశారు.

డెబ్బై ఆరో పనిదినాన చంకల కింద కర్రలతో ఆమె కెమెరా ముందు నిలబడింది. పచ్చలైటు వెలిగింది. పాత గైర్హాజరులన్నీ ఒక్కసారిగా హాజరయ్యాయి. చూడ్డానికి వచ్చిన మాల్యాద్రి కళ్లు తుడుచుకున్నాడు.

తర్వాత ప్రార్థనలో రమణయ్య ఒక సంగతి అందరికీ విడమరిచి చెప్పారు. బడికి వచ్చినవి రెండు కెమెరాలు. పిల్లల కెమెరాను టీచర్ల కొలతకూ, టీచర్ల కెమెరాను పిల్లల కొలతకూ బిగించారు. స్టాఫ్‌రూములో టీచర్లు ఆరు నెలలుగా రోజూ పొద్దున్నే గోడకు వంగి నిలబడుతున్నది భక్తితో కాదు. రెండూ మార్చడానికి స్క్రూడ్రైవరు చాలు. అనుమతి కూడా వచ్చింది, రేపే మారుస్తారు.

పిల్లల వరుసల వెనక నిలబడ్డ మాల్యాద్రి చెయ్యెత్తాడు.

"ఒద్దు సార్. ఇప్పుడు దించితే మా బిడ్డ పడిందంతా దండగ గదా."

"దించనీ నాయనా," అంది పెంచలమ్మ.

ఆ మాట ఎక్కడా నమోదు కాలేదు. కెమెరాకు ముఖం కనిపిస్తుంది గానీ గొంతు వినిపించదు. ఆరు నెలలుగా వంగి నడుములు అలవాటు పడ్డ టీచర్లు న్యాయమేనన్నట్టు తలలూపారు. కెమెరాలు ఎక్కడివక్కడే ఉంటాయని రమణయ్య ప్రకటించారు.

మాల్యాద్రి మెడలోంచి టేపు తీసి, వచ్చే ఏడు పదికి వెళ్లబోయే తొమ్మిదో తరగతి వరుస దగ్గరికి నడిచాడు. ముందు నిలబడ్డ పొట్టి పిల్ల మునివేళ్ల మీద లేచింది.

"మడమలు ఆనించమ్మా," అన్నాడు ప్రేమగా.