అకేయో ఆరబెట్టిన ఎర్రమట్టి

ఆ పీట ఇలా లాక్కుని కూర్చోండి. చేపలు తర్వాత ఏరుకోవచ్చు. మా కొండమట్టి కాలేజీకి వెళ్ళిన సంగతి ముందు వినండి.

నగరం నుంచి వచ్చిన కాలేజీ పిల్ల అకేయో ఆ రోజు ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. అంతకు ముందే చదువు కోసం మా కొండ అంచున నిలువెత్తు గొయ్యి తవ్వించి, పై పొర నుంచి అడుగు పొర వరకు తొమ్మిది ముద్దలు తీసింది. తాను బస చేసిన ఒడేరా తల్లి ఇంటి ముందు, దారి పక్కనే, చేటలో వాటిని ఆరబెట్టి, ఒక్కో ముద్ద కింద అంకె వేసిన కాగితం పెట్టింది. మధ్యాహ్నం నగరానికి పోయే మటాటూ బండి ఎక్కితే, మర్నాడు అక్కడ మట్టిని పరీక్షించే యంత్రం దగ్గర ఆమె వంతు. అది తప్పితే మళ్ళీ ఆరు నెలలకు. అప్పటికి ఆమె చదువు గడువే దాటిపోతుంది.

"ఈ మట్టిలో వేల ఏళ్ళ నాటి వానలున్నాయి పెద్దమ్మా," అంది అకేయో. "వానలు దంచిన కాలంలో ఒక రకం బంకమట్టి పుడుతుంది, ఎండలు మాడ్చిన కాలంలో ఇంకో రకం. పొరల వరుస తెలిస్తే అప్పటి కాలమంతా చెప్పేయొచ్చు."

"మొన్నటి వాన సంగతి చెప్పు, నమ్ముతా," అంది ఒడేరా తల్లి. "దాని దెబ్బకు నీ గొయ్యే పూడిపోయింది."

అందుకే ఆ తొమ్మిది ముద్దలే అకేయో ఆస్తి. వాటిని ఎండలో వదిలి ఆమె వాగుకు స్నానానికి వెళ్ళింది. ఒడేరా తల్లి మేకలను తోలుకుపోయింది.

అప్పుడు ఇంట్లోంచి ఆమె కోడలు బయటికొచ్చింది. ఉగెన్యాలో పుట్టింది కనుక అందరికీ ఆమె ఉగెన్యా పిల్ల. ఏడో నెల. మా వైపు కడుపుతో ఉన్నవాళ్ళు ఈ కొండమట్టిని కొని మరీ తింటారు. చేటలో ఎర్రమట్టి చూడగానే ఆమెకు కళ్ళు చెమర్చాయి. అడక్కుండానే మట్టి తెచ్చిపెట్టే అత్త ఎంతమందికి దొరుకుతుంది! ఒక ముద్ద అంచు కొరికింది. బాగుంది. పక్కదాని అంచు కూడా కొరికింది.

సంతకు వెళ్తున్న ఆడవాళ్ళు ఆగారు. దారి పక్కన చేట, చేటలో మట్టి, ఎదురుగా కడుపుతో ఉండి మట్టి నములుతున్న మనిషి. ఇంకేం కావాలి?

"ఏమే ఉగెన్యా పిల్లా, బేరం పెట్టి మాకు చెప్పనే లేదు!"

"బేరం కాదు వదినా, మా అత్త తెచ్చింది. తీసుకోండి, ఒక్కదాన్నీ ఎంతని తింటాను?"

ఉత్త చేతులతో తీసుకోవడం మావాళ్ళకు అలవాటు లేదు. ఒకామె రెండు గుడ్లు పెట్టింది. ఇంకొకామె దోసెడు ఎండుచేపలు పోసింది. మరొకామె అరటిపళ్ళు పెట్టింది. ముద్దలన్నీ సంతదారి పట్టాయి.

తిరిగొచ్చిన ఒడేరా తల్లి చేట చూసి మురిసిపోయింది. కోడలిని చూడటానికి ఊరంతా వచ్చిందనుకుంది. వాళ్ళు సంత నుంచి తిరిగి వెళ్ళేటప్పుడు టీ ఇవ్వకపోతే పరువేం మిగులుతుంది? చేతికందిన కాగితాలతో పొయ్యి అంటించింది.

"పెద్దమ్మా, నా మట్టేది?" అంది తడి జుట్టుతో వచ్చిన అకేయో.

"మట్టి మాట తర్వాత, గుడ్లు చూడు!"

"అంకెల కాగితాలు?"

"బాగా ఎండాయి తల్లీ. భలే అంటుకున్నాయి."

అకేయో సంతకు పరుగెత్తింది. వెనకే పొట్ట పట్టుకుని కోడలు, గుడ్లు పట్టుకుని అత్త. మట్టి కోసం ఒక కాలేజీ పిల్ల ఏడుస్తూ తిరుగుతోందంటే సంతలో ఎవరేం అనుకుంటారు? ఉల్లిపాయల వరుస దాటేసరికి జనం నోట ఆమెకు మూడో నెల వచ్చింది. చేపల వరుస దాటేసరికి అయిదో నెల. జాలిపడి ఒకామె గంజి కూడా తెచ్చింది. కడుపుతో ఉన్న పిల్ల అడిగితే కాదనే మనిషి మా సంతలో లేదు. తొమ్మిది ముద్దలూ చేతికొచ్చాయి, పంటిగాట్లతో సహా.

కానీ అంకెలు లేవు. అకేయో నేల మీద కూలబడింది. "ఎండాక రంగులన్నీ ఇంచుమించు ఒకటే. ఏది పైదో, ఏది అడుగుదో ఇక ఎవరు చెప్తారు?"

"నీకు నాలుక లేదటే?" అంది అజ్వాంగ్. ముప్పై ఏళ్ళుగా ఆ కొండమట్టే తవ్వి అమ్ముతున్న ముసలామె. ఒక్కో ముద్ద నాకి వరుసగా పెట్టడం మొదలుపెట్టింది. "ఇది నాలుకకు అతుక్కుపోతోంది, లోతుది. ఇది నోట్లో ఉబ్బి జారిపోతోంది, ఎండకు నెర్రెలిచ్చే పైమట్టి."

అకేయో ఆ వరుసను తన పుస్తకంలో పొరపొరకూ రాసుకున్న రంగులతో పోల్చుకుంది. ఏడు సరిపోయాయి. "అవ్వా, నాలుగోదీ ఏడోదీ తారుమారు చేశావు."

"నేను కాదు, నీ పుస్తకం చేసింది. బండి వస్తోంది, పో!"

అకేయో బండెక్కింది. యంత్రం మర్నాడు చెప్పిన మాట, అజ్వాంగ్ సంతలో చెప్పిన మాట ఒక్కటే అయింది. వానలో తడుస్తూ రాసుకున్నప్పుడు ఆ రెంటినీ తారుమారు చేసింది అకేయోనే. తప్పు అంకెలున్న ఆ కాగితాలు కాలకుండా ఉంటే, మా కొండ ఎన్నడూ చూడని కరువొకటి పుస్తకాలకెక్కేది. ఆమె చదువు గట్టెక్కింది. పరిశోధన పుస్తకంలో పరికరాల పేజీలో ఇలా రాసింది: యంత్రం ఒకటి, అజ్వాంగ్ ఒకతె.

ఈ సంగతి గుర్తుంచుకుని మీవాళ్ళకూ చెప్పండి. యంత్రం ఇప్పటికి రెండుసార్లు చెడిపోయింది. అజ్వాంగ్ ఇంకా సంతకు వస్తూనే ఉంది.