ఆపడం రాని అల్లిక

బుధవారం పొద్దున వాసవి వేసుకున్న ప్లాన్‌లో ఎక్కడా బగ్ లేదు. ఆఫీసు కాల్ మొదలయ్యేలోపు అల్లిక నేర్చుకోవాలి, మధ్యాహ్నానికి పసిపాప టోపీ అల్లేయాలి, సాయంత్రం కాళ్లు చాపుకుని సినిమా చూడాలి.

ఈ తొందర ఆమె చేతులారా తెచ్చుకున్నదే. నెట్‌లో దొరికిన టోపీ ఫోటో ఒకటి కుటుంబం గ్రూపులో పడేసి, "పాపకు నేనే అల్లుతాండా" అని గొప్పలు పోయింది. ఆ పాప తల్లి, ఆళ్లగడ్డలో ఉన్న అక్క అరుణ ఆ మాటను తన అత్త సరస్వతమ్మ దాకా మోసింది. సరస్వతమ్మ ఎవరినైనా మెచ్చుకోగా చూసినవాళ్లు ఆ ఇంట్లో లేరు.

"కొన్న టోపీలొద్దంట. ఆదివారం పేరు పెట్టేటప్పుడు నువ్వు అల్లిందే పెడతాదంట. మీ పుట్టింటోళ్ల పనితనం చూస్తాం అనింది" అని ఫోన్‌లో అరుణ మొత్తుకుంది. "అది రాలేదనుకో, బతికినన్నాళ్లూ దెప్పుతాది. నా పరువు నీ చేతిలో ఉందే!"

"టోపీయే గదక్కా. కోడ్ రాసేదాన్ని, దారం తిప్పలేనా?"

నంద్యాల బజారంతా తిరిగితే తోరణాలకు వాడే పసుపు ఊలు తప్ప ఇంకో రంగు దొరకలేదు. అల్లిక సూదులైతే అసలే లేవు. చివరికి సైకిల్ షాపు అంజి రెండు స్పోకుల్ని సానబట్టి ఇచ్చాడు.

మొదటి వీడియోలో ఊలు కుడిచేత్తో పట్టుకోమన్నారు. రెండోదాంట్లో ఎడమచేత్తో. మూడోదాంట్లో మెడ చుట్టూ వేసుకోమన్నారు. వాసవి ముగ్గురి మాటా విని కాసేపు తన ఊలులో తానే చిక్కుకుంది. నాలుగో వీడియోలో ఒకావిడ ఒకటో తరగతి టీచరులా నిదానంగా చెప్పింది. ముడి వేయడం వచ్చింది, వరుస తిప్పడం వచ్చింది. ముగించడం మాత్రం "వచ్చే భాగంలో" అంది. ఆ భాగం ఇంకా పుట్టలేదు.

స్పోకులకు చివర బొడిపెలుండవు. కింద పెడితే ముడులన్నీ జారిపోయి, టోపీ తిరిగి దారమైపోతుంది. కాబట్టి ఆపడం నేర్చుకునేదాకా ఆపకుండా అల్లడమే మార్గమని వాసవి తేల్చుకుంది.

"అన్నం తినేకి రామ్మా" అని వచ్చింది అవ్వ వెంకటలక్ష్మి.

ముడుల లెక్క తప్పుతుందని వాసవి చెయ్యెత్తి ఆగమంది. అవ్వ ఆగి చూసింది. తలంటుకున్న జుట్టు, పసుపు దారం, కదులుతున్న పెదవులు, తిండి మీద లేని ధ్యాస. ఆమెకు అర్థమైపోయింది. మొక్కు!

ఆ ఇంట్లో మొక్కు గురించి ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. బయటపెడితే ఫలించదని నమ్మకం. అందుకని అవ్వ వాసవితో తప్ప అందరితోనూ మాట్లాడింది.

"ఒరే మహానందయ్యా, పిల్ల మొక్కు పట్టింది. పెండ్లి కోసమే అయ్యుంటాది" అంది తన కొడుకు, వాసవి నాన్నతో.

"మొన్న సంబంధమొస్తే లాప్‌టాప్‌నే చేసుకుంటా అనె గదమ్మా?"

"అది పైమాట. ఇది లోపలిమాట. నువ్వు నోరు మూసుకోని ఉల్లిగడ్డ మానేయ్."

మర్నాడు పక్కింటి ఉమాదేవి కుంకుమ భరిణెతో వచ్చింది. వాసవి ఒక చెవిలో ఆఫీసు మీటింగ్, ఒళ్లో ఊలు పెట్టుకుని కూర్చునుంది. "పాపా, నేనూ ఒక ముడి ఏసుకుందునా?" అని అడిగితే సంతోషంగా తలూపింది. ఉమాదేవి కొడుకు హరీష్ డీఎస్సీ రాశాడు. ఆమె కళ్లు మూసుకుని ముడి వేసి, దానికి కుంకుమ పెట్టి వెళ్లింది.

ఆ తర్వాత వీధి మొత్తం వచ్చింది. ఒకామె బోరులో నీళ్ల కోసం, ఒకామె మొగుడి తాగుడు కోసం, ఒకామె అత్త రెండో కొడుకింటికి మారడం కోసం. కారణాలు మనసులో, ముడులు స్పోకు మీద. ఒక్కో ముడికీ వరుస వెడల్పవుతూ పోయింది. టోపీగా పుట్టినది తువ్వాలైంది, తువ్వాలు దుప్పటి దారి పట్టింది. వీధిలో ఇంతమందికి అల్లిక పిచ్చి ఉందని వాసవి మురిసిపోయి, ఆన్‌లైన్ క్లాసు పెట్టే ఆలోచన కూడా చేసింది.

శనివారం సాయంత్రం మూడో వంతు కోసేసి టోపీ కుట్టేద్దామని కత్తెర తీసింది.

"అయ్యో! మొక్కుబట్టకు కత్తెర పెడతాండావా!" అవ్వ కేక వీధి చివరిదాకా పోయింది.

"ఏం మొక్కవ్వా?"

"చెప్పొద్దు! ఫలించదు!" అవ్వ చెవులు మూసుకుంది.

"అది కాదు నాయనా, నేను..."

"నాకూ చెప్పొద్దమ్మా" అని మహానందయ్య కూడా చెవులు మూసుకున్నాడు. ఉమాదేవికి చెప్పబోతే ఆమె ఏకంగా తలుపే మూసుకుంది.

ఆదివారం ఆళ్లగడ్డ బస్సులో ఆ పసుపు గుట్టకు ఒక సీటు ఇచ్చారు. స్పోకులు గుచ్చుకుంటాయని పక్కసీటులో ఎవరూ కూర్చోలేదు.

సరస్వతమ్మ గుమ్మంలోనే ఎదురైంది. "టోపీ యాడ?"

మహానందయ్య గుట్టను దించాడు. అరుణ ముఖం సున్నం కొట్టినట్టయింది.

"ఏందిది?"

"అడగొద్దు సరస్వతమ్మా, మొక్కు" అని అవ్వ గుసగుసలాడింది.

వాసవికి ఇక చాలనిపించింది. "మొక్కూ లేదు, గిక్కూ లేదత్తా. టోపీ అనే మొదలుపెట్టినా. ఆపేది రాలా. ఫోటో గూడా నాది కాదు. మా అక్కనేమీ అనొద్దు, తప్పంతా నాదే."

అవ్వ నోరు తెరుచుకుంది. సరస్వతమ్మ గిరుక్కున తిరిగి లోపలికి వెళ్లిపోయింది.

"నా బట్టలు సర్దేకి పోయింటాది" అంది అరుణ, పాపను గుండెకు హత్తుకుని.

సరస్వతమ్మ పాత చీరలో చుట్టిన మూటతో తిరిగొచ్చింది. విప్పితే నీలం స్వెట్టరు. ఒక చెయ్యి మామూలుగా ఉంది. రెండో చెయ్యి మోకాళ్లు దాటింది. దాని చివర సూదులింకా గుచ్చే ఉన్నాయి.

"మీ బావ కడుపులో ఉన్నప్పుడు మొదలుపెట్టినా" అంది గొంతు తగ్గించి. "నాకూ ఆపేది రాలా. మా అత్త దెప్పుతాదని పెట్టెలో దాసినా."

ఆ వెంటనే ఆమె నవ్వింది. అత్తకు పళ్లున్నాయని అరుణ ఆ రోజే చూసింది.

"ఊలు ఎట్ల పట్టుకుంటావ్ నువ్వు?"

"మెడ చుట్టూ, అత్తా."

"థూ! ఎవురు నేర్పిరి నీకు? ఎడమచేత్తో పట్టుకోవల్ల."

ఇద్దరూ చాప మీద కూలబడి వాదనలో పడ్డారు. పురోహితుడు ముహూర్తం, ముహూర్తం అని అరుస్తూనే ఉన్నాడు. అవ్వ మాత్రం ఎందుకైనా మంచిదని నీలం స్వెట్టరుకు కూడా కుంకుమ పెట్టింది. అది చూసి చుట్టాల్లో ఇద్దరు లేచి వరుసలో నిలబడ్డారు.

చివరికి ఉత్త తలతోనే పాపకు పేరు పెట్టారు. బయట ఎండ నలభై మూడు డిగ్రీలు.